పొగగొట్టం వాయువుల్లో కార్బన్ ఎంత? ఊక బాయిలర్ ఉదాహరణతో అంచెలంచెల లెక్క

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లు ఎక్కువగా ఊక మీదే నడుస్తాయి. ఊక చాలనప్పుడు బొగ్గు కలుపుతారు. ఈ మిల్లుల లెక్కలు చూసే ఇంజినీర్లు, ప్రాజెక్టు పని మీద వచ్చే పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ విద్యార్థులు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: చిమ్నీ నుంచి గంటకు ఎన్ని కిలోల కార్బన్ పోతోందో ఎలా తేల్చాలి? పొగ వాయువుల శాతాలు చూపే పరికరం, ఎనలైజర్, ఇచ్చే అంకె సరిపోదా?

సరిపోదు. ఎనలైజర్ శాతం చెబుతుంది, బరువు చెప్పదు. పైగా చాలా ఎనలైజర్లు కార్బన్ డయాక్సైడ్‌ను అసలు కొలవవు. ఆ సంగతి అయిదో అంచెలో వస్తుంది.

పొయ్యిలోకి వెళ్లిన కార్బన్ ఎక్కడికీ మాయం కాదు. పొగలోకి పోవాలి, లేదా బూడిదలో మిగలాలి. అందుకే లెక్క రెండు వైపుల నుంచి చేయాలి: ఒకటి ఇంధనం వైపు, రెండోది పొగ వైపు. రెండు అంకెలూ దగ్గరగా వచ్చినప్పుడే రిపోర్టులో పెట్టాలి. ఒక్క వైపు నుంచి చేసిన లెక్క ఎంత చక్కగా కనిపించినా నేను నమ్మను.

ఈ మార్గదర్శిలో గంటకు 1,000 కిలోల ఊక కాల్చే బాయిలర్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. కొలతలు లెక్క చూపించడానికి వేసుకున్నవి. మీ అంకెలు మీరు పెట్టుకోండి.

1. ఏ అంకె కావాలో ముందు తేల్చుకోండి

"పొగలో కార్బన్" అనే మాట కింద మూడు వేర్వేరు అంకెలు ఉంటాయి.

- గాఢత: ఒక ఘనమీటరు పొడి పొగలో (నీటి ఆవిరి తీసేసిన పొగలో) ఎన్ని గ్రాముల కార్బన్.
- బరువు: గంటకు ఎన్ని కిలోల కార్బన్.
- కార్బన్ డయాక్సైడ్ బరువు: అదే కార్బన్, ఆక్సిజన్‌తో కలిపి తూచినప్పుడు.

కార్బన్ పరమాణు భారం 12, కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44. కాబట్టి ఒక కిలో కార్బన్ పూర్తిగా కాలితే 3.67 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. వెనక్కి రావాలంటే 12తో గుణించి 44తో భాగించాలి. "టన్నుల కార్బన్", "టన్నుల కార్బన్ డయాక్సైడ్" అనే రెండింటినీ ఒకే గడిలో కలిపి రాసిన పట్టికలు తరచూ కనిపిస్తాయి. అక్కడ తప్పు మూడున్నర రెట్ల పైమాటే.

2. కొలతకు ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

బాయిలర్ లోడు నిలకడగా ఉన్న సమయాన్ని ఎంచుకోండి. నానిన వడ్లకు ఆవిరి పట్టేటప్పుడు లోడు ఒక్కసారిగా పెరిగి పడిపోతుంది. డ్రయ్యర్ ఒకే తీరుగా నడిచే గంటా రెండు గంటలు దొరికితే అదే సరైన సమయం. కొలత మొదలయ్యాక డ్యాంపర్ (గాలి, పొగ దారిని సర్దే తలుపు) కదపవద్దని, పొయ్యి కెలకవద్దని బాయిలర్ ఆపరేటర్‌కు ముందే చెప్పి ఉంచండి.

వెంట ఉండాల్సినవి:

- ఊక తూచడానికి కాటా, ఒకే కొలత గంపలు లేదా సంచులు
- ఊక, బూడిద నమూనాలకు గాలి చొరబడని డబ్బాలు, వాటికి చీటీలు
- పొగ ఎనలైజర్ లేదా ఓర్సాట్ పరికరం (ఒక్కో వాయువును ఒక్కో ద్రావణంతో పీల్పించి శాతాలు తేల్చేది)
- ఎస్ ఆకారపు పిటాట్ గొట్టం (పొగ వేగాన్ని పీడన తేడాగా అందించేది), ఆ తేడా చూపే మానోమీటర్
- పొగ వేడి చూసే థర్మోకపుల్
- ఆ రోజు గాలి పీడనం అంకె
- కార్బన్ మోనాక్సైడ్ అలారం, చేతి తొడుగులు, ఎత్తులో పని చేయడానికి సేఫ్టీ బెల్టు

గాలి పీడనాన్ని చాలామంది వదిలేస్తారు. వరంగల్ సముద్రమట్టం కంటే సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పీడనం 98 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది, సముద్రతీరంలోలాగా 101.3 ఉండదు. ఈ సవరణ మరిచిపోతే లెక్కలో 3 శాతానికి పైగా ఎక్కువ వస్తుంది.

3. ఇంధనం వైపు లెక్క

ముందు తూకం. "గంటకు ఒక టన్ను పోతుంది" అనే నోటిమాట మీద లెక్క కట్టకండి. ఊక చాలా తేలిక, గంపలో ఒత్తి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే మరో బరువు. పది గంపలు తూచి సగటు తీసుకోండి, ఆ తర్వాత గంపల సంఖ్య రాసుకోండి. స్క్రూ ఫీడర్ ఉంటే పది నిమిషాల పాటు ఊకను పక్కకు పట్టి తూచండి. ఇంకో తనిఖీ కూడా ఉంది: వడ్ల బరువులో ఊక సుమారు అయిదో వంతు ఉంటుంది. గంటకు 5 టన్నుల వడ్లు ఆడే మిల్లులో ఊక ఒక టన్ను దరిదాపుల్లో రావాలి.

తర్వాత నమూనా. కుప్ప పైనుంచి ఒక గుప్పెడు తీసుకుంటే అది నమూనా కాదు. పావుగంటకు ఒకసారి ఫీడర్ దగ్గర కొంచెం కొంచెం తీసి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచి మిగతావి తీసేయండి. కిలో మిగిలే దాకా ఇలాగే చేయండి. డబ్బా మూత వెంటనే బిగించాలి, లేకపోతే తేమ మారిపోతుంది.

లాబ్‌ను మూలకాల విశ్లేషణ అడగండి: కార్బన్, హైడ్రోజన్, తేమ, బూడిద తప్పనిసరి. రిపోర్టు చేతికి రాగానే మొదట చూడాల్సింది అంకె కాదు, అది ఏ ఆధారం మీద ఇచ్చారన్నది. పొడి ఆధారమా (తేమ తీసేసి కట్టిన శాతం), వచ్చిన స్థితి ఆధారమా (తేమతో సహా కట్టిన శాతం)?

మన ఉదాహరణలో పొడి ఆధారంగా కార్బన్ 41.8 శాతం, తేమ 9 శాతం అనుకుందాం.

41.8 × (100 − 9) ÷ 100 = 38 శాతం

అంటే తూకం వేసిన 1,000 కిలోల ఊకలో కార్బన్ 380 కిలోలు.

బొగ్గు విషయంలో ఈ సవరణ ఇంకా ముఖ్యం. లాబ్ సాధారణంగా గాలికి ఆరిన బొగ్గు మీద అంకె ఇస్తుంది. యార్డులో, ముఖ్యంగా వానాకాలంలో, బొగ్గు తడిగా ఉంటుంది. ఆరిన బొగ్గులో కార్బన్ 46 శాతం, తేమ 6 శాతం, యార్డు బొగ్గులో మొత్తం తేమ 12 శాతం అయితే:

46 × (100 − 12) ÷ (100 − 6) = 43.1 శాతం

సవరించకుండా 46 వేస్తే దాదాపు 7 శాతం ఎక్కువ కార్బన్ చూపించినట్లు అవుతుంది.

4. బూడిదలో మిగిలిన కార్బన్ తీసేయండి

ఊక బూడిద నల్లగా ఉంటే అందులో కాలని కార్బన్ ఉన్నట్లే. పూర్తిగా కాలిన ఊక బూడిద తెల్లగా, లేత బూడిద రంగులో ఉంటుంది. ఆ తెలుపు ఎక్కువగా సిలికాది.

పొయ్యి అడుగు బూడిద, సైక్లోన్‌లో (పొగలోంచి బూడిదను వేరు చేసే పరికరంలో) పట్టిన బూడిద విడివిడిగా తీసి, రెండింటి బరువులూ రాయండి. రెండింటిలో కార్బన్ ఒకేలా ఉండదు. ముందు 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచి, తర్వాత మఫుల్ ఫర్నేసులో (లాబ్‌లో వాడే మూసిన కొలిమిలో) కాల్చి మళ్లీ తూస్తే తగ్గిన బరువే సుమారుగా కార్బన్.

ఉదాహరణలో ఖనిజ బూడిద ఊకలో 17 శాతం, అంటే 170 కిలోలు. బయటికి వచ్చిన బూడిదలో సగటున 10 శాతం కార్బన్ ఉందనుకుందాం.

మొత్తం బూడిద = 170 ÷ 0.90 = 189 కిలోలు
బూడిదలో కార్బన్ = 19 కిలోలు
పొగలోకి పోయిన కార్బన్ = 380 − 19 = 361 కిలోలు

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: 170లో 10 శాతం, అంటే 17 కిలోలు తీసేయడం. ఆ 10 శాతం కార్బన్ కలిసిన బూడిద మీద లెక్క, ఖనిజం మీద కాదు. కార్బన్ 30 శాతం ఉన్న నల్ల బూడిద అయితే ఈ తేడా పెద్దదే అవుతుంది.

5. పొగ నమూనా, శాతాలు

ఎక్కడ తీయాలి? బాయిలర్ తర్వాత, వంపులకూ ఫ్యానుకూ దూరంగా, తిన్నగా ఉన్న భాగంలో. వేగం కొలిచే చోటే శాతాలూ కొలవండి. ఐడీ ఫ్యానుకు (పొగను చిమ్నీలోకి లాగే ఫ్యానుకు) ముందు గొట్టం లోపల పీడనం తక్కువగా ఉంటుంది కాబట్టి కీళ్ల దగ్గర చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. శాతాలు ఆ సందుకు ముందు, వేగం దాని తర్వాత కొలిస్తే లెక్కలో కార్బన్ ఉత్తినే పెరిగిపోతుంది.

మొదలుపెట్టే ముందు:

- బయటి గాలిలో ఎనలైజర్ ఆక్సిజన్ 20.9 చూపాలి
- ప్రోబ్ (పొగలోకి దూర్చే గొట్టం) కొనను మూస్తే పంపు ప్రవాహం ఆగిపోవాలి, ఆగకపోతే గొట్టంలో ఎక్కడో లీకు ఉంది
- నీరు పట్టే గిన్నె ఖాళీగా, ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి
- ప్రోబ్ చుట్టూ రంధ్రాన్ని గుడ్డతో లేదా ఆస్బెస్టాస్ లేని తాడుతో మూసేయాలి

ఇప్పుడు అసలు సంగతి. చేతిలో పట్టుకునే చాలా ఎనలైజర్లలో కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ ఉండదు. ఆక్సిజన్‌ను కొలిచి, మెనూలో ఎంచుకున్న ఇంధనాన్ని బట్టి కార్బన్ డయాక్సైడ్‌ను లెక్క కట్టి చూపిస్తాయి. ఆ సూత్రం ఇది:

కార్బన్ డయాక్సైడ్ శాతం = ఆ ఇంధనానికి గరిష్ఠ శాతం × (20.9 − ఆక్సిజన్ శాతం) ÷ 20.9

ఈ గరిష్ఠ శాతం (అదనపు గాలి లేకుండా ఇంధనం పూర్తిగా కాలితే వచ్చే డయాక్సైడ్ శాతం) మన ఊకకు సుమారు 19.7. డీజిల్‌కు 15.5 దగ్గర, సహజవాయువుకు 11.8 దగ్గర. పొగలో ఆక్సిజన్ 9 శాతం ఉందనుకుంటే, అదే పొగకు అదే పరికరం ఇలా చూపిస్తుంది:

- ఊక లేదా కట్టె సెట్టింగ్: సుమారు 11.2 శాతం
- డీజిల్ సెట్టింగ్: 8.8 శాతం
- సహజవాయువు సెట్టింగ్: 6.7 శాతం

పొగ మారలేదు, మెనూ మారింది. డీజిల్ సెట్టింగ్ మీదే ఉంచి ఊక బాయిలర్‌ను కొలిస్తే అయిదో వంతు కార్బన్ లెక్కలోంచి జారిపోతుంది. కాబట్టి పరికరం పుస్తకంలో కార్బన్ డయాక్సైడ్ "కొలుస్తుందా", "లెక్కిస్తుందా" అని చూడండి. లెక్కించేదైతే ఆ అంకెను పక్కన పెట్టి, ఓర్సాట్‌తోనో పరారుణ సెన్సర్ ఉన్న పరికరంతోనో విడిగా కొలవండి.

ఓర్సాట్ చాలా పాలిటెక్నిక్ లాబ్‌లలో ఇప్పటికీ ఉంటుంది, ఓపికగా చేస్తే నమ్మదగిన ఫలితం ఇస్తుంది. వరుస తప్పకూడదు: మొదట కాస్టిక్ పొటాష్ సీసా, అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. రెండోది క్షార పైరోగాలాల్, ఆక్సిజన్‌కు. మూడోది అమోనియా కలిసిన క్యూప్రస్ క్లోరైడ్, కార్బన్ మోనాక్సైడ్‌కు. పైరోగాలాల్ ద్రావణంలో క్షారం ఉంది కాబట్టి ముందే అందులోకి పంపితే కార్బన్ డయాక్సైడ్‌ను కూడా మింగేసి, అదంతా ఆక్సిజన్ ఖాతాలో పడుతుంది. ప్రతి సీసాలోకీ వాయువును పలుమార్లు పంపి, వరుసగా రెండు రీడింగులు ఒకటే వచ్చాకే తర్వాతి సీసాకు వెళ్లండి.

బాయిలర్‌కు శాశ్వతంగా బిగించిన జిర్కోనియా ప్రోబ్ ఉంటే జాగ్రత్త. అది తడి పొగలో ఆక్సిజన్ చూపిస్తుంది. నీటిని తీసేసి కొలిచే ఎనలైజర్, ఓర్సాట్ పొడి పొగ శాతాలు ఇస్తాయి. రెండింటినీ ఒకే లెక్కలో కలపకండి.

ఉదాహరణలో పొడి పొగకు సగటు: కార్బన్ డయాక్సైడ్ 11.1 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం, ఆక్సిజన్ 9.0 శాతం. ఎనలైజర్ మోనాక్సైడ్‌ను పీపీఎంలో (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) చూపిస్తే 10,000తో భాగించండి. 2,000 పీపీఎం అంటే 0.2 శాతం.

6. పొగ వేగం, పరిమాణం

లెక్క మొత్తంలో బలహీనమైన అంచె ఇదే, ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. గొట్టం మధ్యలో ఒక్కచోట కొలిస్తే వేగం ఎక్కువ చూపిస్తుంది, గోడల దగ్గర పొగ నెమ్మదిగా కదులుతుంది.

లోపలి వ్యాసం 60 సెంటీమీటర్లు ఉన్న చిమ్నీలో, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు రంధ్రాల నుంచి, ఒక్కో దాంట్లో నాలుగు చోట్ల కొలవండి: లోపలి గోడ నుంచి 4, 15, 45, 56 సెంటీమీటర్ల దూరంలో. పిటాట్ గొట్టం మీద ఈ దూరాలను ముందే గుర్తు పెట్టుకుంటే పైన నిలబడి తడుముకోనక్కర్లేదు. లోపల మసి అట్టకట్టి ఉంటే వ్యాసం తగ్గుతుంది, డ్రాయింగ్‌లోని అంకె కాకుండా కొలిచిన వ్యాసం వేయండి.

వేగం = పిటాట్ గుణకం × వర్గమూలం (2 × పీడన తేడా ÷ పొగ సాంద్రత)

ఎస్ ఆకారపు పిటాట్ గుణకం సాధారణంగా 0.84 దగ్గర ఉంటుంది, మీ పరికరం సర్టిఫికెట్ చూడండి. 180 డిగ్రీల వేడిలో, 98 కిలోపాస్కల్ పీడనంలో మన పొగ సాంద్రత ఘనమీటరుకు 0.75 కిలోలు.

ఎనిమిది పీడన తేడాల సగటు తీసి దాని వర్గమూలం కట్టడం తప్పు. ఒక్కోదాని వర్గమూలం ముందు తీసి, ఆ వర్గమూలాల సగటు కట్టాలి.

సగటు వేగం సెకనుకు 11.7 మీటర్లు వచ్చిందనుకుందాం. చిమ్నీ అడ్డుకోత వైశాల్యం 0.2827 చదరపు మీటర్లు.

- ఉన్న స్థితిలో: 11.7 × 0.2827 × 3,600 = గంటకు 11,907 ఘనమీటర్లు
- వేడి సవరణ: × 273 ÷ (273 + 180) = 7,176
- పీడన సవరణ: × 98 ÷ 101.3 = 6,942
- తేమ తీసేయడం, 11 శాతం: × 0.89 = 6,178 నార్మల్ ఘనమీటర్లు, పొడి పొగ

తేమ 11 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? కిలో ఊకలోని హైడ్రోజన్ 0.048 కిలోలు తొమ్మిది రెట్ల నీరవుతుంది, దానికి ఊక తేమ 0.09 కలిపితే 0.52 కిలోల నీరు. ఆవిరిగా అది 0.65 నార్మల్ ఘనమీటర్లు, కిలో ఊకకు వచ్చే పొడి పొగ సుమారు 6. ఈ లెక్కన 10 శాతం దగ్గర, గాలిలోని తేమ మరికొంత. వానాకాలంలో ఈ అంకె పెరుగుతుంది.

ఇక్కడ నార్మల్ అంటే 0 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్. 25 డిగ్రీలకు సవరించి, కింది అంచెలో 22.4 (నార్మల్ స్థితిలో ఒక కిలోమోల్ వాయువు ఆక్రమించే ఘనమీటర్లు) వాడితే 9 శాతం తప్పు వస్తుంది. 25 డిగ్రీలు తీసుకుంటే 22.4 బదులు 24.45 వేయాలి.

7. పొగ వైపు లెక్క

పొడి పొగలో కార్బన్ ఉన్న వాయువు ఏదైనా, అణువుకు ఒక కార్బన్ ఉంటే, ప్రతి ఒక్క శాతానికీ నార్మల్ ఘనమీటరులో 5.36 గ్రాముల కార్బన్ ఉంటుంది. 12ను 22.4తో భాగించి, వందో వంతు తీసి, గ్రాముల్లోకి మారిస్తే వచ్చేది ఇదే. డయాక్సైడ్, మోనాక్సైడ్, మీథేన్ మూడింటికీ ఇదే గుణకం కాబట్టి శాతాలను నేరుగా కూడవచ్చు.

(11.1 + 0.2) × 5.36 = 60.6 గ్రాములు
6,178 × 60.6 ÷ 1,000 = గంటకు 374 కిలోల కార్బన్

విడివిడిగా కావాలంటే: కార్బన్ డయాక్సైడ్ 1,347 కిలోలు, కార్బన్ మోనాక్సైడ్ 15 కిలోలు. మొత్తం 374ను నేరుగా 3.67తో గుణించి అంతా డయాక్సైడే అని రాయకండి, మోనాక్సైడ్‌లోని కార్బన్‌ను రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. కాలుష్య రిపోర్టుల్లో గాఢతలను ఒక నిర్దిష్ట ఆక్సిజన్ శాతానికి సవరించి రాస్తారు. అలా సవరించిన గాఢతను సవరించని పొగ పరిమాణంతో గుణిస్తే వచ్చే బరువు తప్పు. బరువు లెక్కకు కొలిచిన గాఢత, కొలిచిన పరిమాణం మాత్రమే వాడండి.

8. రెండు అంకెలూ పక్కపక్కన

ఇంధనం వైపు 361, పొగ వైపు 374. తేడా 3.5 శాతం. మిల్లు స్థాయి కొలతలకు 5 శాతం లోపు తేడా మంచి ఫలితమే. 10 దాటితే వెతకాల్సిందే.

వెతకడానికి ఒక పద్ధతి ఉంది. మొదట గాఢతను పరీక్షించండి: ఊక గరిష్ఠ శాతం 19.7తో, ఆక్సిజన్ 9తో సూత్రం 11.2 ఇచ్చింది, కొలిచిన డయాక్సైడ్, మోనాక్సైడ్ కలిపి 11.3. రెండూ కలిశాయి. అంటే శాతాల కొలతలో తప్పు లేదు. మిగిలినవి రెండే: ఊక తూకం, పొగ వేగం. ఇప్పుడు ఊకను మళ్లీ తూచి చూస్తే ఏది తప్పో తెలుస్తుంది. ఈ పరీక్షకు డయాక్సైడ్ నిజంగా కొలిచిన అంకె అయి ఉండాలి, ఎనలైజర్ లెక్క కట్టి ఇచ్చినదైతే సూత్రాన్ని సూత్రంతోనే పోల్చినట్లు అవుతుంది.

తేడా తీరును బట్టి ముందు చూడాల్సినవి:

- పొగ వైపు సుమారు 12 శాతం ఎక్కువ: పొగ తేమ తీసేయలేదు
- సుమారు 9 శాతం ఎక్కువ: 0, 25 డిగ్రీలు కలిసిపోయాయి
- సుమారు 3 శాతం ఎక్కువ: గాలి పీడనం సవరించలేదు
- పొగ వైపు బాగా తక్కువ: ఎనలైజర్ ఇంధన సెట్టింగ్, నమూనా గొట్టంలో లీకు
- ఇంధనం వైపు ఎక్కువ: పొడి ఆధారపు కార్బన్‌ను తడి తూకానికి వేశారు, లేదా బూడిద కార్బన్ తీయలేదు

9. బొగ్గు కలిపినప్పుడు, డీజిల్ జనరేటర్ ఉన్నప్పుడు

పొగలోని కార్బన్ ఊకదా, బొగ్గుదా అన్నది ఎనలైజర్ చెప్పలేదు. కార్బన్‌లోని రేడియోధార్మిక ఐసోటోప్ కార్బన్-14 పరీక్షతో చెప్పవచ్చు గానీ మిల్లుకు అంత అవసరం ఉండదు. ఇంధనం వైపు నుంచే విడదీయండి. గంటకు 800 కిలోల ఊక, 100 కిలోల బొగ్గు అయితే ఊక కార్బన్ 304, బొగ్గు కార్బన్ 43 కిలోలు. బొగ్గు వాటా 12.4 శాతం. ఉద్గారాల జాబితాల్లో ఊక లాంటి జీవ ఇంధనాల కార్బన్ డయాక్సైడ్‌ను శిలాజ ఇంధనాలతో కలపకుండా విడిగా చూపిస్తారు, అందుకే ఈ వాటా కావాలి.

జనరేటర్‌కు పొగ కొలవనక్కర్లేదు. లీటరు డీజిల్‌కు సుమారు 0.72 కిలోల కార్బన్, అంటే 2.65 కిలోల కార్బన్ డయాక్సైడ్. లీటర్ల లెక్క సరిగ్గా ఉంటే చాలు.

రామగుండం, చెల్పూరు లాంటి బొగ్గు విద్యుత్కేంద్రాల్లోనూ లెక్క సూత్రం ఇదే. సాధనాలు పెద్దవి, తూకాలు బెల్టు మీద జరుగుతాయి.

10. రిపోర్టులో తప్పక ఉండాల్సినవి

- కొలిచిన తేదీ, సమయం, బాయిలర్ లోడు
- ఊక, బొగ్గు తూకాలు, వాటి తేమ
- లాబ్ ఇచ్చిన కార్బన్ శాతం, అది ఏ ఆధారం మీదన్నది
- రెండు రకాల బూడిద బరువులు, వాటిలో కార్బన్
- పొగ శాతాలు, తడివా పొడివా
- ఎనలైజర్ కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచిందా, లెక్కించిందా
- ఎనిమిది చోట్ల పీడన తేడాలు, పొగ వేడి, గాలి పీడనం
- నార్మల్ పరిమాణం ఏ ఉష్ణోగ్రతకు
- ఇంధనం వైపు, పొగ వైపు అంకెలు రెండూ, వాటి తేడా శాతం

పాత కార్బన్ శాతాన్నే ఏళ్ల తరబడి లాక్కురాకండి. వానాకాలం పంట ఊక పోయి యాసంగి ఊక వచ్చినప్పుడు, బొగ్గు గని లేదా గ్రేడు మారినప్పుడు, పొయ్యి మరమ్మతు జరిగి బూడిద రంగు మారినప్పుడు లాబ్‌కు కొత్త నమూనా పంపండి.